మీ ఇంటి పన్ను రసీదులో పిల్లల చదువుకూ ఒక పద్దు ఉంది.. వాడుకుంటున్నారా?

కర్నూలులోనో కడపలోనో మీకు సొంతిల్లుంటే, ఈసారి కట్టిన ఇంటి పన్ను కాగితం తీసి ఒకసారి చూడండి. పన్నుల వరుసలో గ్రంథాలయ సెస్సు అని ఒక చిన్న పద్దు ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు, అంటే వెయ్యికి 80 రూపాయలు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మున్సిపాలిటీలు, పంచాయతీలు ఈ డబ్బు మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అద్దె ఇంట్లో ఉన్నాం, మాకేం సంబంధం అనుకోవద్దు. ఓనరు ఆ లెక్క కూడా అద్దెలో కలుపుకునే ఉంటారు.

అదే ఇంట్లో రెండో తరగతో మూడో తరగతో చదివే పిల్ల ఉంటే, సాయంత్రం ట్యూషన్‌కు నెలనెలా ఫీజు కడుతుంటాం. అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. బడిలో ఇచ్చిన హోంవర్కు దగ్గర కూర్చోబెట్టి పూర్తి చేయిస్తారు. పిల్ల ఇంటికొస్తుంది, బ్యాగు ఒక మూల పడేస్తుంది, ఫోను అందుకుంటుంది. ‘చదువు అయిపోయిందా?’ అని మనం అడుగుతాం. ‘అయిపోయింది’ అంటుంది.

అసలు చిక్కు ఆ ‘అయిపోయింది’లోనే ఉంది. చదువంటే ఎవరో అప్పజెప్పిన పనిని ముగించి లేచిపోవడం అని ఎనిమిదేళ్లకే మనసులో పడిపోతే, పదిహేనేళ్లకు దాన్ని మార్చడం ఎంత కష్టమో ఇంటర్ పిల్లలున్న తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. పుస్తకం తనంతట తానే తీయడం, తెలియనిది తెలుసుకోవాలనిపించడం.. ఇవి కోచింగ్ సెంటర్లో దొరికేవి కావు. ఎక్కువగా ఇంట్లోనే మొదలవుతాయి. పెద్ద ఖర్చు లేకుండా, ఇప్పటికే ప్రభుత్వం ఇస్తున్నవాటిని వాడుకుంటూ ఇంట్లో ఏం చేయొచ్చో చూద్దాం.

మూడో తరగతి దగ్గర ఏముంది?

కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న నిపుణ్ భారత్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2026-27 నాటికి దేశంలో ప్రతి పిల్లా మూడో తరగతి ముగిసేలోగా అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి, చిన్నచిన్న లెక్కలు చేయగలగాలి అన్నది దాని లక్ష్యం.

మూడో తరగతినే గీతగా ఎందుకు పెట్టారంటే, అక్కడిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. నాలుగు నుంచి చదివి నేర్చుకోవాలి. పరిసరాల విజ్ఞానం, సాంఘికం, లెక్కల్లో మాటల సమస్యలు.. అన్నీ చదవడం వచ్చనే నమ్మకంతో రాసిన పాఠాలే. చదవడం రానివాళ్లకు నాలుగో తరగతిలో వెనకబడేది ఒక్క తెలుగులో కాదు, అన్నిట్లోనూ.

2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. కొవిడ్ తర్వాత 2022లో ఇది 16.3 శాతానికి పడిపోయింది. అక్కడి నుంచి కోలుకున్నా ఇప్పటికీ నలుగురిలో ఒకరు కూడా లేరు.

ఇవి పల్లెల లెక్కలు, మా వాడు టౌన్లో ప్రైవేటు స్కూల్లో చదువుతున్నాడు అనుకుంటున్నారా? అయితే ఐదు నిమిషాలు వెచ్చించి చూడండి. పిల్ల ఎప్పుడూ చూడని పేరా ఒకటి తీసుకోండి. పేపర్లో పిల్లల పేజీ అయినా చాలు, ఒక తరగతి కిందటి పాఠ్యపుస్తకం అయినా చాలు. మొదటి నుంచి కాకుండా మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి అక్కడ చదవమనండి. తర్వాత పుస్తకం మూసి, ఎవరు, ఎక్కడ, ఎందుకు అని మూడు ప్రశ్నలు అడగండి. చివర్లో 52లోంచి 17 తీసేయమనండి.

మధ్యలో వేలు పెట్టమని ఎందుకంటున్నానంటే, మా చిన్నోడు ఒకటో తరగతిలో తెలుగు పాఠాలు గడగడా చదివేసేవాడు. ఇంటికొచ్చినవాళ్ల ముందు కూడా చదివించి మురిసిపోయేవాళ్లం. ఒకరోజు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అదే వేగంతో చదివాడు. పాఠం మొత్తం నోటికొచ్చు, అక్షరాలు మాత్రం సగమే వచ్చు.

ఈ పరీక్షలో పిల్ల తడబడితే తిట్టొద్దు, కంగారూ వద్దు. తెలుగు లిపి కొంచెం ఎక్కువ సమయం తీసుకునే లిపి. ఇంగ్లిషులో 26 అక్షరాలు గుర్తుపడితే ఆ పని ముగుస్తుంది. మనకు అచ్చులు, హల్లులు, వాటి గుణింతాలు, ఆ పైన ఒత్తులు కలిపితే కంటికి వేర్వేరుగా కనిపించే రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో తరగతికి వచ్చినా పిల్లలు అక్షరాల మీద పట్టు సాధిస్తూనే ఉన్నారని తేలింది. కాబట్టి రెండో తరగతి పిల్ల ‘ఉష్ణోగ్రత’ దగ్గర ఆగిపోతే అది మొద్దుతనం కాదు. ‘అమ్మ’, ‘అత్త’, ‘పిల్లి’ దగ్గర మూడో తరగతిలోనూ ఆగిపోతుంటే మాత్రం టీచరుతో మాట్లాడాల్సిందే.

రోజుకు పావుగంట

ఇంట్లో చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, అన్నిటికంటే తేలికైనదీ ఇదే. రాత్రి అన్నం తిన్నాక పావుగంట పాటు పిల్ల పక్కన కూర్చుని గట్టిగా చదివించుకోవాలి. ఒకరోజు పిల్ల చదవాలి, మరోరోజు మీరు చదివి వినిపించాలి. ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే ఆ మాట చెప్పేసి ముందుకు పోండి. తప్పు చదివిన ప్రతి మాటా అక్కడికక్కడే దిద్దితే కథ చచ్చిపోతుంది. కథ చచ్చాక రేపు పుస్తకం తెరవాలని ఏ పిల్లకూ ఉండదు.

పుస్తకం ఏదంటారా? రాష్ట్రంలో 2020-21 నుంచి ప్రాథమిక తరగతుల పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగు ఉంటే, ఎదురు పేజీలో అదే విషయం ఇంగ్లిషులో ఉంటుంది. ఇంగ్లిషు మీడియం పిల్లకు పాఠం చెప్పలేకపోతున్నామని బాధపడే తల్లిదండ్రులకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. మీరు తెలుగు పేజీ చదవండి, పిల్ల ఎదురు పేజీలో ఆ మాటకు ఇంగ్లిషు ఏమిటో వెతుకుతుంది. ప్రైవేటు స్కూలు పిల్లలకు ఈ పుస్తకాలు ఇవ్వరు కానీ, విద్యాశాఖ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు కూడా వస్తాయి.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో పిల్లతో ఇంగ్లిషులో మాట్లాడాలా? 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటుంది. మన రాష్ట్రంలో 2019 నుంచి సాగిన మీడియం గొడవ కోర్టుల దాకా వెళ్లింది. అందులోకి ఇప్పుడు వెళ్లొద్దు. ఇంటి విషయానికొస్తే మాత్రం జవాబు తేలికే. మీకు కోపమొచ్చినప్పుడు, నవ్వొచ్చినప్పుడు నోట్లోంచి ఏ భాష వస్తుందో ఆ భాషలోనే పిల్లతో మాట్లాడండి. కర్నూలు, కడప పాతబస్తీల్లో అది ఉర్దూ కావచ్చు, ఆదోని, ఆలూరు వైపు కన్నడ కావచ్చు. ‘కమ్, సిట్, ఈట్’ అనే మూడు మాటల ఇంగ్లిషు కంటే, ఎందుకు, ఎలా, నువ్వైతే ఏం చేస్తావు అని సాగే ఇంటి భాష పిల్ల బుర్రకు ఎక్కువ పని చెబుతుంది.

అమ్మకే చదువు రాకపోతే?

ఈ జిల్లాల్లో ఇది ఊహించుకుని అడిగే ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. మహిళల్లో అది సగానికి కాస్త తక్కువే. కడప జిల్లాలో మొత్తం 67 శాతం, మహిళల్లో 57 శాతం. అంటే ఇవాళ బడికి వెళ్తున్న పిల్లల్లో చాలామంది ఇళ్లలో చదవడం రాని అమ్మో, అవ్వో ఉంటారు. పట్నంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లలోనూ ఉంటారు.

బిహార్, రాజస్థాన్ పల్లెల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఈ విషయాన్నే పరిశీలించింది. దాని ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. కొందరు తల్లులకు చదువు నేర్పారు. కొందరికి ఇంట్లో పిల్లలతో కలిసి చేయగలిగే పనులు చూపించారు. ఇంకొందరికి రెండూ ఇచ్చారు. మూడు పద్ధతుల్లోనూ పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. మెరుగుదల పెద్దదేమీ కాదు, కొద్దిగానే. కానీ అది నిజమైన తేడా అని పరిశోధకులు తేల్చారు. తల్లులు పిల్లల చదువులో కలగజేసుకోవడం కూడా పెరిగింది. చదువురాని అమ్మ కూర్చుని అడిగినా తేడా ఉంటుందన్నమాట.

ఆ అమ్మ ఏం అడగాలి? ‘ఈ పొద్దు ఏం చదివినావో నాకు చెప్పు నాయనా, నాకు తెలీదు కదా’ అంటే చాలు. ఇది నటన కూడా కాదు. ఒకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే తనకు ఏది అర్థమైందో, ఏది కాలేదో పిల్లకు తెలుస్తుంది. ఎమ్మెస్సీ చదివిన నాన్న ‘నేను చెప్తా చూడు’ అని పెన్ను లాక్కోవడం కంటే ఇది మేలని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

అవ్వ దగ్గరా, జేజి దగ్గరా పాఠ్యపుస్తకంలో లేనివి బోలెడుంటాయి. పొడుపుకథలు, సామెతలు, జొన్నల్లో రకాలు, కరువు ఏడాది ఎలా గడిచిందన్న కబుర్లు. పిల్ల అవి అడిగి నోటుబుక్కులో రాసుకుంటే రాత అభ్యాసం, వినడం, ప్రశ్న వేయడం మూడూ ఒకేసారి అయిపోతాయి. అవ్వ చెప్పింది రాసి మళ్లీ అవ్వకే చదివి వినిపించమనండి. అవ్వ తప్పులు పట్టుకుంటుంది.

ఉల్లిగడ్డల లెక్క, వాన లెక్క

2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఆ బృందంలో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో కూరగాయలు అమ్మే పిల్లలు నోటి లెక్కలు చకచకా చేసి చిల్లర ఇచ్చేస్తున్నారు. అదే రకం లెక్కను కాగితం మీద బడి పద్ధతిలో రాసిస్తే చాలామంది చేయలేకపోయారు. తమాషా ఏమిటంటే, అమ్మకాలు ఎరగని బడి పిల్లలకు కాగితం లెక్క వచ్చింది కానీ మార్కెట్ లెక్కలో తడబడ్డారు. అంటే ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు. రెండింటి మధ్య ఎవరైనా వంతెన కట్టాలి.

ఆ వంతెన రైతు బజారులో కట్టొచ్చు. సంచితో పాటు పిల్లను, ఒక పెన్సిల్ ముక్కను తీసుకెళ్లండి. ఉల్లిగడ్డలు కిలో 32 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత? మొదట నోటితో చెప్పించండి. ఇంటికొచ్చాక అదే లెక్క కాగితం మీద చేయించండి. నోటి లెక్కలో సగం 16, అందులో సగం 8, రెండూ కలిపి 24 అని వస్తుంది. కాగితం మీద గుణకారం, భాగహారం వస్తాయి. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే రావడం చూసినప్పుడు పిల్ల మొహం గమనించండి.

ఇంకొకటి, సీమలో పుట్టిన పిల్లలకు ఇంతకంటే దగ్గరి లెక్క ఉండదు. వాన కొలవడం. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న గాజు సీసా కానీ స్టీలు గిన్నె కానీ మిద్దె మీద పెట్టండి. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే స్కేలుతో లోతు కొలవాలి. ఎన్ని మిల్లీమీటర్ల లోతు నీళ్లుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. తేదీ వేసి రాయాలి. మరుసటి రోజు పేపర్లో మండలాల వారీగా వచ్చే వర్షపాతంతో పోల్చాలి. ఉమ్మడి కర్నూలు జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 670 మి.మీ., కడపది 700 మి.మీ. జూన్ నుంచి రాస్తూ పోతే, ఈ ఏడాది మన మిద్దె మీద ఎంత పడిందో డిసెంబరుకు పిల్లే చెబుతుంది.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలైతే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మి.మీ. వాన పడితే 2,000 లీటర్లు. మన ఇంటి ట్యాంకు వెయ్యి లీటర్లదైతే రెండు ట్యాంకుల నీళ్లు ఒక్క వానకు కాలువ పాలయ్యాయన్నమాట. ట్యాంకరు నీళ్లు కొన్న ఇంట్లో ఈ లెక్క పిల్లకు వేరే చెప్పక్కర్లేదు.

చాక్లెట్ ఇస్తే తప్పా?

చదివితే ఫోన్ ఇస్తాను, పది పేజీలు రాస్తే చాక్లెట్ ఇస్తాను. ఈ బేరం ఆడని ఇల్లు ఉండదు. మా ఇంట్లోనూ ఉంది. 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి ‘బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొద్దిరోజుల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగులు ముందు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టగానే అది కూలి పనైపోయింది.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని కాదు. పిల్లకు అసలు ఇష్టమే లేని ఎక్కాలకు మొదట్లో చిన్న ఆశ చూపితే కొంపేం మునగదు. ఇప్పటికే ఇష్టంగా చదువుకునే కథల పుస్తకానికి మాత్రం రేటు కట్టొద్దు.

మెచ్చుకోవడంలోనూ ఒక చిన్న జాగ్రత్త ఉంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అని పొగిడిన పిల్లలు తర్వాత తేలిక లెక్కలే ఎంచుకున్నారు. కష్టమైనవి ఎదురైనప్పుడు తొందరగా డీలాపడ్డారు. ‘బాగా కష్టపడ్డావు’ అన్న మాట విన్న పిల్లలు గట్టి లెక్కలు అడిగారు. ఈ ఆలోచన మీద తర్వాత బడుల్లో పెట్టిన కార్యక్రమాలు ఆశించినంత పెద్ద ఫలితాలు ఇవ్వలేదని కూడా చెప్పుకోవాలి. దాన్ని మంత్రంలా వాడొద్దు. పిల్ల లెక్క ఎలా చేసిందో చూసి ‘ఈ మెట్టు భలే పట్టుకున్నావే’ అంటే ఎలాగూ నష్టం లేదు.

ఫోన్ సంగతి

మీరు ఇది చదువుతున్నదే ఫోన్లో కాబట్టి ఫోన్ మానేయండి అని చెప్పను. ఫోన్లో ఉచితంగా దొరికే మంచి సరుకు కూడా ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు కూడా. గూగుల్ రీడ్ అలాంగ్‌లో పిల్ల గట్టిగా చదువుతుంటే యాప్ విని తప్పు మాట దగ్గర సాయం చేస్తుంది. అందులో తెలుగు ఉంది.

అయితే యాప్ తెరిచిచ్చి మనం వంటింట్లోకి వెళ్తే, ఐదో నిమిషంలో అది రీల్స్‌గా మారుతుంది. పక్కన కూర్చోగలిగినప్పుడే ఇవ్వండి. పిల్ల చదువుకునే ఆ పావుగంటా మీ ఫోను కూడా మంచం మీద బోర్లా పడుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు కాగితం మీద ఏదైనా చదవడం చూడని పిల్లకు, చదవడమంటే పిల్లలకు వేసే శిక్ష అనే అనిపిస్తుంది.

మీరు డబ్బు కట్టిన లైబ్రరీ

ఇప్పుడు ఆ 80 రూపాయల దగ్గరికి వద్దాం. కర్నూలు, కడప రెండు చోట్లా జిల్లా కేంద్ర గ్రంథాలయాలు ఉన్నాయి, పట్టణాల్లో, మండలాల్లో శాఖలు ఉన్నాయి. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. వేళలు, వారపు సెలవు బోర్డు మీద చూసుకుని వెళ్లండి. పోటీ పరీక్షలకు చదివే యువకులతో హాలు నిండి ఉండటం చూసి, ఇది పిల్లలకు కాదేమో అని వెనక్కి రావద్దు. బాలల విభాగం ఎక్కడని అడగండి. వేసవిలో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు, ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మొదటిసారి తీసుకెళ్లడానికి ఆ వారం బాగుంటుంది.

లైబ్రరీల విషయంలో ఈ ప్రాంతానికి చిన్న చరిత్రేమీ లేదు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, 1908లో స్వరాజ్య పత్రికలో రాసినదానికి జైలుకు వెళ్లారు. తర్వాత జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయ ఉద్యమానికి, వయోజన విద్యకు ఇచ్చారు. కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి.బ్రౌన్‌ది ఇంకో కథ. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. తెలుగు నేర్చుకుని, పండితులకు సొంత డబ్బు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరింపజేసి, 1852లో నిఘంటువు అచ్చువేశారు. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు కడపలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి వెంటపడి సాధించిన లైబ్రరీ అది. పెద్దల పుస్తకాలే ఎక్కువ కానీ, తాళపత్రం ఎలా ఉంటుందో పిల్లకు ఒకసారి చూపించి తీసుకురావచ్చు.

సెలవు రోజు బండి తీసే ఓపిక ఉంటే ఇంకో రెండు చోట్లున్నాయి. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల కాలంలో వేయించిన శాసనం బయటపడింది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో తొలి తెలుగు శాసనం అదే. కర్నూలు జిల్లాలో వజ్రాల వేటకు పేరుమోసిన జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడొక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. మడక దున్నుకుంటూ పోయి చివర్లో ఎద్దులను మళ్లించినట్టు. అక్షరాలు తిరగేసి రాస్తున్నావని రోజూ తిట్లు తినే ఒకటో తరగతి పిల్లకు అది చూపించి తీరాలి.

బడిని ఏం అడగాలి?

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. కడప మున్సిపల్ హైస్కూల్లో జరిగిన సమావేశానికి ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ వచ్చారు. 2025 జులై 10న రెండోది జరిగింది. ఇలాంటి సమావేశాల్లో ఎక్కువమంది అడిగేది ‘మార్కులెన్ని, అల్లరి చేస్తున్నాడా’ అనే. దాని బదులు మూడు సంగతులు అడగండి. కొత్త పేరా తనంతట తాను చదవగలుగుతోందా? తరగతిలో ప్రశ్నలు అడుగుతుందా? బడి లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇస్తారా, ఇవ్వకపోతే ఎందుకు? మూడో ప్రశ్నకు చాలా చోట్ల వచ్చే జవాబు, పిల్లలు చింపేస్తారని. బీరువాలో చెదలు పట్టడం కంటే పిల్లలు చింపడమే నయం కదా అని మర్యాదగానే చెప్పొచ్చు.

విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. బీరువా తాళం గురించి తీర్మానం చేయించే హక్కు ఆ కమిటీది.

తల్లికి వందనం కింద అర్హత ఉన్న కుటుంబాల్లో ఒక్కో పిల్లకు ప్రకటించిన 15 వేలలో, బడి నిర్వహణకు 2 వేలు పోను 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. అందులోంచి ఐదు వందలు తీసి పిల్లకు నచ్చిన పుస్తకాలు, అవును, తనకు నచ్చినవే, కొనిపెట్టండి.

సుగ్గికి వెళ్లే పిల్లల సంగతి

పైన చెప్పినవన్నీ ఒక ఇల్లు, ఒక ఊరు ఉన్న పిల్లల కోసం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా వేల కుటుంబాలు పంట ముగిశాక సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిర్చి కోతలకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడాల పనికి. పిల్లలు కూడా వెంట వెళ్తే ఆ నెలలన్నీ బడి లేనట్టే. మూడో తరగతి గీత దాటలేని పిల్లల్లో వీళ్లు ముందుంటారు. ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. వలస మొదలయ్యాక కాకుండా అంతకు ముందే తెరిస్తేనే అవి పనికొస్తాయి.

మీ వీధిలో కట్టే అపార్ట్‌మెంటు దగ్గర ఇసుక కుప్ప మీద ఆడుకుంటున్న పిల్ల ఆ ఊళ్లదే కావచ్చు. ఆ తల్లిదండ్రులకు తెలియని, మీరు చెప్పగలిగిన మాట ఒకటుంది. విద్యా హక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని, వయసు ధ్రువపత్రం లేదని, ఏడాది మధ్యలో వచ్చారని ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లను చేర్చుకోవడానికి బడి నిరాకరించకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చేర్చుకోకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. పిల్లను పనిలో పెట్టినట్టు కనిపిస్తే 1098కి ఫోన్ చేయాలి.

మీ శాఖ మూసి ఉంటే

లైబ్రరీకి పిల్లను తీసుకెళ్తే తాళం వేసి ఉండటం, బాలల పుస్తకాలు పాతికేళ్ల కిందటివి కావడం కూడా జరగొచ్చు. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు చాలా పాతది. మొదట జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి రాయండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో మున్సిపల్ కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు, ఇంకా ఎంత బాకీ ఉంది అని అడగండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు విడిగా ఇంకో దరఖాస్తు పెట్టి, అదే కాలంలో బాలల పుస్తకాలకు ఎంత ఖర్చు చేశారో అడగండి. ముప్పై రోజుల్లోగా జవాబివ్వాలి. దరఖాస్తును నాలుగో తరగతి పిల్ల చేత చదివించి, అంకెలు వచ్చాక తీసివేతలు కూడా తన చేతే చేయించండి.